ఫోన్ చదువుకి మేస్త్రి సంతకం

మా లాండ్రీలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అది ఆస్పత్రి భవనం కింద నేలమాళిగలో ఉంటుంది. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు. అన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా నోరు కదలడమే కనిపిస్తుంది. అందుకని మా మేస్త్రి ఎప్పుడో కొన్ని చేతి సైగలు తయారుచేశాడు. పిడికిలిని కుళాయి తిప్పినట్టు తిప్పితే ఆవిరి కట్టెయ్యమని. బొటనవేలితో అరచేతిని రుద్దితే మరక పోలేదు, మళ్ళీ ఉతకమని. చెవి తమ్మె పట్టుకుని, ఆ చేతినే బోర్లా తిప్పితే, నా మాట వెళ్ళడం లేదు, నువ్వే మొదలుపెట్టు అని. అర్థమైందని చెప్పడానికి రెండు వేళ్ళతో మణికట్టు మీద తట్టుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి పనికంటే ముందు ఇవి నేర్పుతాడు. మా నేలమాళిగలో తప్ప ఈ సైగలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

నాకైతే ఆ మోత హాయి. నేను మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, తర్వాత అక్క వెనకాలే ఇక్కడికి వచ్చాను. అప్పటినుంచి మడతల బల్ల దగ్గరే ఉంటాను. దిండు గలీబులు మడవడానికి చేతులు చాలు, కళ్ళతో పనిలేదు. ఆ కళ్ళతో మనుషుల్ని చూస్తుంటాను. అలా చూసి చూసి, మేస్త్రి గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చూపు మీద నాకే నమ్మకం పోతుంది.

మొదటి షిఫ్టు ఇన్‌ఛార్జి ఆయనే. ఆయన్ని అందరూ డిగ్రీ మేస్త్రి అంటారు. ఎదురుగా అన్నా కోప్పడడు, పైగా కాస్త నిటారుగా నిలబడతాడు. చెమ్మకి పాడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టిన పెన్ను ఎప్పుడూ జేబులో ఉంటుంది. ఆఫీసువాళ్ళు గోడకి అంటించిన నోటీసుల్లో తప్పులు దిద్దుతాడు. సబ్బు డ్రమ్ముల మీద సన్నక్షరాల్లో ఉన్నదంతా మాకు చదివి అర్థం చెబుతాడు. పిల్లల్ని ఏ చదువులో పెట్టాలన్నా పనివాళ్ళు ఆయన్నే అడుగుతారు. "మేం కాలేజీలో ఉండగా" అని ఎత్తుకున్నాడంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. మనిషి మంచివాడు. రోలరు దగ్గరికి ఎవరి చెయ్యి వెళ్ళినా ముందు ఆయన ముఖమే పాలిపోతుంది. కాకపోతే చదువు మాట వచ్చినప్పుడు మాత్రం మా అందరికంటే ఒక మెట్టు పైన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

ఆస్పత్రికి కొత్త మేనేజరు మేడమ్ వచ్చింది. రాగానే ఒక నియమం పెట్టింది. ఇకమీదట ఏ విభాగంలోనైనా షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉండాలంటే డిగ్రీ ఉండాలి. మూడేళ్ళు గడువు. ఆ తర్వాత అందరూ సర్టిఫికెట్లు చూపించాలి. మాకు దీంతో పనేముంది అనుకున్నారు చాలామంది. మా అక్క మాత్రం ఆ నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

అక్క రోలరుకి దుప్పట్లు అందిస్తుంది. తడి దుప్పటి అంచు పట్టుకుని, ముడత లేకుండా లాగి, వేడి డ్రమ్ము కిందకి పంపాలి. మోచేతుల దాకా చర్మం కమిలిపోయి ఉంటుంది. ఇంటికి వచ్చాక నడుము పట్టుకుని కాసేపు గోడకి ఆనుకుంటే గానీ కూర్చోలేదు. రెండో షిఫ్టు ఇన్‌ఛార్జి పెద్దాయన మూడేళ్ళలో రిటైరవుతాడు. ఆ కుర్చీ దొరికితే రోలరు ముందునుంచి తప్పుకోవచ్చు. దొరకకపోతే ఒళ్ళు ఎన్నాళ్ళు ఆగుతుందో ఆమెకే తెలియదు. ఆ కుర్చీకి కావలసినవి రెండు. ఒకటి డిగ్రీ. రెండోది మేస్త్రి సిఫారసు సంతకం.

అక్క పన్నెండో తరగతి దాకా చదివింది. పని మానేసి కాలేజీకి వెళ్ళే దారి లేదు. సాయంత్రం కాలేజీ ఊరికి ఆ చివర ఉంది, షిఫ్టు దిగి వెళ్ళేసరికి సగం పాఠం అయిపోతుంది. మిగిలింది ఆన్‌లైన్ డిగ్రీ. ఇంట్లో దానిమీద రోజుల తరబడి చర్చ. బావ లిఫ్టులు బాగుచేస్తాడు, ప్రతిదానికీ లిఫ్టు పోలికే.

"లిఫ్టులో ఇరుక్కుపోయావనుకో. ఫోన్లో పాఠం విన్నవాణ్ణి పిలుస్తావా, చేతికి గ్రీజు అంటినవాణ్ణి పిలుస్తావా?" అన్నాడు.

"నేను లిఫ్టు ఎక్కడానికి చదవడం లేదు. కుర్చీ ఎక్కడానికి చదువుతున్నా," అంది అక్క.

బావకి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుని చదవడం సుఖమే, వంట చేస్తూ కూడా వినొచ్చు, కానీ అలా విన్నప్పుడు పాఠమో కూరో ఏదో ఒకటి మాడుతుంది అన్నాడు. తరగతిలో అయితే అర్థం కాకపోతే పక్కవాళ్ళని గిల్లి అడగొచ్చు, ఫోనులో ఎవర్ని గిల్లుతావు అన్నాడు. అక్క దగ్గర అన్నిటికీ జవాబు ఉంది. ఒక్క ప్రశ్నకే లేదు. రేపు ఆ డిగ్రీని ఎవరైనా డిగ్రీ అని ఒప్పుకుంటారా? అది మేస్త్రినే అడగాలి అనుకుంది. చదువుకున్న మనిషి, సంతకం పెట్టవలసిన మనిషి కూడా ఆయనే.

మర్నాడు టీ వేళ యంత్రాలు ఆపినప్పుడు అందరి ముందే అడిగింది. మేస్త్రి టీ గ్లాసు కిందపెట్టాడు.

"ఫోనులో ఈత నేర్చుకున్నవాణ్ణి బావిలో దింపితే ఏమవుతుందో అదే అవుతుంది అమ్మాయ్. అలాంటి డిగ్రీకి నేను సంతకం పెట్టను," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క ముఖం కందిపోయింది. నేను బల్ల మీద గలీబు మడత విప్పి మళ్ళీ మడిచాను. ఆ సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, గోడకి కూడా ఆనుకోకుండా, తిన్నగా ఫోను తీసి ఆ డిగ్రీకి దరఖాస్తు చేసేసింది. ఆయన మనసు మారకపోదు, మారకపోతే అప్పుడు చూద్దాం అంది. అంత మొండిది మా అక్క అని నాకప్పటిదాకా తెలియదు.

తరగతులు సాయంత్రాలు ఉండేవి. ఫోనులో సారు ఒక్కడే కనిపించేవాడు. విద్యార్థులందరూ చిన్న చిన్న గళ్ళు. గడిలో పేరుండదు, రోల్ నంబరూ, ఎవరికి వాళ్ళు పెట్టుకున్న బొమ్మా ఉంటాయి. పువ్వు, మబ్బు, క్రికెట్ బ్యాటు. మైకులు ఆపేసి ఉంచాలి, అడగాలంటే రాసి అడగాలి. అక్క వంటింట్లో డబ్బాల వరసకి ఫోను ఆనించి పాఠం వినేది. నేను కూరగాయలు తరుగుతూ కూర్చునేదాన్ని.

మొదటి ఏడాదే ఇద్దరిద్దర్ని జతలుగా కలిపారు. డిగ్రీ అయ్యేదాకా ప్రాజెక్టు పని జతగానే చెయ్యాలి, ఆ మార్కులు ఇద్దరికీ ఒకటే. ఒకరు మునిగితే ఇద్దరూ మునిగినట్టే. అక్కకి జత పడిన గడిలో నత్త బొమ్మ ఉంది. బొమ్మకి తగ్గట్టే ఆ మనిషి ఒక వాక్యం టైపు చెయ్యడానికి ఒక యుగం పట్టేది. అవతల రాస్తున్నట్టు మూడు చుక్కలు కదులుతూనే ఉంటాయి, అక్క ఈలోపు గిన్నెలు తోమేసేది. నడుము నొప్పి గురించీ, ఇంటిపని తెమలకపోవడం గురించీ రాస్తుంటే ఎవరో నడివయసు ఆవిడే అనుకున్నాం. నత్తమ్మ అని పేరు పెట్టుకున్నాం.

నత్తమ్మ అక్కకి నచ్చింది. అకౌంట్స్ ఆవిడకి తలకెక్కేది కాదు, అక్క ఓపిగ్గా రాసి చెప్పేది. వ్యాపార చట్టం అక్కకి కొరుకుడు పడేది కాదు, అది ఆవిడ చెప్పేది. నెమ్మదిగా పాఠాల పక్కనే సొంత కబుర్లూ మొదలయ్యాయి. ఈ చదువు వల్ల లాభమా నష్టమా అని ఇద్దరూ ఎన్నిసార్లు రాసుకున్నారో లెక్కలేదు. ఇంట్లో ఎవరికీ పట్టదు, బయట ఎవరూ నమ్మరు, మానేద్దామా అని ఒక్కోసారి అక్క రాసేది. మానకు, నువ్వు మానితే నేనూ మానేస్తాను అని నత్తమ్మ రాసేది. మేస్త్రి గురించి కూడా అక్క రాసింది. రోలరు పైన గాలి లాగే ఫ్యాను పాడై నెలలవుతోంది, ఊపిరాడడం లేదు, అయినా మా మేస్త్రి పట్టించుకోడు అని రాసింది. డిగ్రీ ఆయన తలకెక్కి కూర్చుంది, దింపుదామంటే నిచ్చెన దొరకడం లేదు అని రాసింది. దానికి నత్తమ్మ చాలాసేపు చుక్కలు కదిపి, "పాపం, ఆయన కష్టాలేమిటో," అని మాత్రం రాసింది. మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ తర్వాతి వారమే ఫ్యాను బాగైంది. మేస్త్రి తనే నిచ్చెన వేయించి, ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చేయించాడు. అక్కకి పరీక్షలున్న రోజుల్లో, ఎవరూ అడగకుండానే, ఆమెని షిఫ్టు కాస్త ముందే వదిలేవాడు. నేను చూశాను. చూసి, మనిషి మెత్తబడుతున్నాడు అనుకున్నాను. ప్రాజెక్టు ఒక చిన్న సంస్థలో సబ్బూ, నీళ్ళూ, ఆవిరీ ఎలా ఖర్చవుతాయన్న దానిమీద. అందులో బాయిలరు గురించి నత్తమ్మ రాసిన భాగం చదివి, ఈవిడకి ఇదంతా ఎలా తెలుసు అని అక్క ఆశ్చర్యపోయింది. ఏ హోటల్లోనో పనిచేస్తుందేమో అన్నాను నేను. అంతకుమించి మా బుర్రలు వెళ్ళలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు మీద మౌఖిక పరీక్ష పెట్టారు. అందరూ ముఖాలు చూపించాలి, మైకు పెట్టుకుని జవాబులు చెప్పాలి. ఆరోజు మాకు సెలవు. మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి వెలుగు బాగా వస్తుందని అక్క అక్కడే కూర్చుంది. ఎండ సూటిగా ఫోను మీద పడకుండా నేను పక్కన కిటికీ తెర పట్టుకుని నిలబడ్డాను. నత్తమ్మని మొదటిసారి చూడబోతున్నామని ఇద్దరికీ పరీక్ష భయం కంటే ఆ ఉత్సాహమే ఎక్కువగా ఉంది.

సారు వచ్చాడు. అక్క వచ్చింది. నత్త బొమ్మ పోయి ఆ గడి వెలిగింది. ఫోను ఎక్కడో వంకరగా నిలబెట్టినట్టున్నారు, ముఖం కనిపించలేదు. ఛాతీ, రెండు చేతులు, అంతే. మగమనిషి చొక్కా. మా ఉత్సాహం అక్కడే సగం చచ్చింది. సారు మాట్లాడమన్నాడు. మాట రాలేదు. మైకు పనిచేస్తున్నట్టు లేదు. ఆ చేతులు కంగారుగా ఫోను మీద అటూ ఇటూ తడిమాయి. తర్వాత ఒక చెయ్యి పైకి లేచి ఫోను తెర అంచు దాటింది, చెవి దాకా వెళ్ళినట్టుంది, కిందికి వచ్చి బోర్లా తిరిగింది.

నా మాట వెళ్ళడం లేదు, నువ్వే మొదలుపెట్టు.

అక్క రెండు వేళ్ళు ఆమె మణికట్టు మీద తట్టాయి. ఆమె తట్టలేదు, ఆమె వేళ్ళే తట్టాయి. రోలరు ముందు అన్నేళ్ళు నిలబడిన వేళ్ళు అవి. తట్టిన తర్వాత గానీ తానేం చేసిందో ఆమెకి తెలియలేదు. తన చేతివంక చూసుకుంది. నావంక చూసింది. నేను అప్పటికే ఆ చొక్కా జేబులో ప్లాస్టిక్ కాగితం చుట్టిన పెన్ను చూస్తున్నాను. నా చేతిలోంచి తెర జారిపోయింది. ఎండ వచ్చి అక్క ముఖం మీద పడినా ఆమె కళ్ళు ఆర్పలేదు.

"ఆగండి," అన్నాడు సారు. "చేతులతో ఏం చెప్పుకుంటున్నారు? ఇలా జవాబులు అందించుకుంటే ఇద్దరి పరీక్షా రద్దు చెయ్యాల్సి వస్తుంది."

అక్క నోరు తెరిచింది. అది మా పనిలో అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె ఎందుకు ఆగిందో నాకు అర్థమైంది. సైగ సంగతి చెబితే అవతలి మనిషి ఎవరో చెప్పినట్టే. చెప్పకపోతే మూడేళ్ళ చదువు, కుర్చీ, అన్నీ ఆ వంటింట్లోనే ముగిసినట్టే. సారు ఆ రెండో మనిషిని ముఖం చూపించమన్నాడు, చూపించకపోతే పరీక్ష ఇక్కడితో ఆపేస్తానన్నాడు.

ఆ గడిలో చేతులు కదలలేదు. ఆయన ఫోను కట్టేస్తాడని నేను ఖాయం చేసుకున్నాను. ఒక్క మీట నొక్కితే చాలు, ఆ చేతులు ఎవరివో మేం ఎన్నటికీ రుజువు చెయ్యలేం. రేపు మళ్ళీ డిగ్రీ మేస్త్రిగా లాండ్రీకి రావచ్చు. పోయేది ఎక్కువగా అక్కదే. అక్క కూడా అదే అనుకుందని ఆమె భుజాలు చూస్తే తెలిసింది.

ఫోను కొద్దికొద్దిగా పైకి లేచింది. మెడ కనిపించింది. గడ్డం కనిపించింది. తర్వాత మా మేస్త్రి ముఖం. అంత చిన్నబోయిన ముఖం నేను ఆయనకి ఎప్పుడూ చూడలేదు. ఆయన అక్కవైపు చూడలేదు. తల వంచుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. మూడు చుక్కలు కదిలాయి. సారు ఎదురుచూశాడు, అక్క ఎదురుచూసింది. మేమిద్దరం ఒకే లాండ్రీలో పనిచేస్తాం, అక్కడ మోతలో సైగలు వాడతాం, మైకు పనిచెయ్యడం లేదని చెప్పాను, తప్పు నాది, ఆమె ఏమీ చెయ్యలేదు అని వచ్చింది.

సారు నమ్మాడో లేదో గానీ పరీక్షించాడు. మరక పోలేదని ఎలా చెబుతారు అని అక్కని అడిగాడు. అవతల మేస్త్రిని కళ్ళు మూసుకోమన్నాడు. తర్వాత అదే ప్రశ్న ఆయన్నీ అడిగి అక్కని కళ్ళు మూసుకోమన్నాడు. ఇద్దరి బొటనవేళ్ళూ ఒకేలా అరచేతుల్ని రుద్దాయి. సారు మొదటిసారి నవ్వాడు. ప్రాజెక్టు ప్రశ్నలు మొదలయ్యాయి. కాసేపటికి ఠప్పుమని శబ్దం చేసి మేస్త్రి మైకు కూడా లేచింది. "సార్," అన్న ఆయన గొంతు మా వంటింట్లో వినపడింది. మా మీద అరిచే గొంతు, అంత ఒద్దికగా. నేను డబ్బాల పక్కన కూర్చుండిపోయాను.

సాయంత్రం బావ వచ్చి విషయం విని, "అయితే నత్తమ్మకి మీసాలున్నాయన్నమాట," అన్నాడు. అక్క నవ్వలేదు. ఆ పూట ఏమీ తినలేదు కూడా. డిగ్రీ లేని మనిషి ఇన్నాళ్ళూ డిగ్రీ మేస్త్రిగా చెలామణి అయ్యాడన్నది నా ఆశ్చర్యం. అక్క బాధ వేరని మర్నాడు తెలిసింది.

మర్నాడు పొద్దున యంత్రాలు ఇంకా మొదలవలేదు. ఉతికిన దుప్పట్ల అరల దగ్గర అక్క ఆయన్ని ఆపింది. నేను అరకి ఇవతలి పక్క ఉన్నాను.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"ఫ్యాను సంగతి రాసినప్పటినుంచి."

"అంటే ఆ తర్వాత నేను రాసినవన్నీ..."

"అన్నీ చదివాను. నిచ్చెన సంగతి రెండుసార్లు చదివాను."

"చెప్పొచ్చుగా."

"చెబితే రాయడం మానేసేదానివి. నాకు అకౌంట్స్ ఎవరు చెబుతారు?"

అక్క గొంతు అప్పుడు మారింది. నా డిగ్రీకి సంతకం పెట్టనని అందరి ముందూ అన్నది మీరే, మానకు అని సాయంత్రం పూట రాసిందీ మీరే అంది. ఆ తర్వాత కూడా ఫోను చదువు మీద టీ దగ్గర ఎన్ని హాస్యాలాడారో గుర్తుచేసింది. "నవ్వుతున్నవాళ్ళలో కలిసి నవ్వుతూ, ఇంటికెళ్ళి నాతోనే కూర్చుని చదివారు. ఇది ఎలా చేతనైంది మేస్త్రి గారూ?"

ఆయన అప్పుడు అంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కుర్రతనంలో కాలేజీలో చేరిన మాట నిజం. ఇంట్లోవాళ్ళకి జబ్బు చేసి ఏడాది తిరగకుండానే మానేసిన మాటా నిజం. ఈ పనిలో చేరినప్పుడు ఎంతవరకు చదివావని ఎవరో అడిగితే, డిగ్రీ అని నోట్లోంచి వచ్చేసింది. ఎవరూ కాగితం అడగలేదు. గౌరవం రుచి చూశాక వెనక్కి తీసుకోలేకపోయాడు. ఇంట్లో భార్యకి కూడా మొన్నమొన్నటిదాకా తెలియదు. మేడమ్ నియమం పెట్టిన రోజు ఒళ్ళు చల్లబడింది. ఈ వయసులో తరగతి గదికి వెళ్ళలేడు, వెళ్తే తెలిసిపోతుంది. ముఖం కనపడని చదువు దేవుడిచ్చినట్టు దొరికింది. నువ్వు అందరి ముందూ అడిగేసరికి దొంగకి తేలు కుట్టినట్టైంది, ఆ చదువుని నేను తిడితే నేను చదువుతున్నానని ఎవరికీ అనుమానం రాదనుకున్నాను అన్నాడు. ఇంకా ఒకటి చెప్పాడు. అకౌంట్స్ రెండో పేపరు ఆయన ఇంకా గట్టెక్కలేదు. అక్క పాసై ఆ కుర్చీకి వెళ్ళినా, ఆయన డిగ్రీ ఈ ఏడాది చేతికి రాదు.

అక్క ఇంకేమీ అడగలేదు. మీ సంగతి నా నోట రాదు అని మాత్రం చెప్పి రోలరు దగ్గరికి వెళ్ళిపోయింది. మీరు సంతకం పెడతారా అని కూడా అడగలేదు. అడిగితే బెదిరించినట్టు ఉంటుందని ఆమె భయం. ఫలితాలు వచ్చాయి, అక్క పాసైంది. అక్కా మేస్త్రీ సైగలతో పని నడిపారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కుర్చీ ఖాళీ అయ్యే సమయం వచ్చింది. మేనేజరు మేడమ్ ఇద్దర్నీ గదికి పిలిచింది. పై వార్డువాళ్ళు మరకలున్నాయని తిప్పిపంపిన దుప్పట్లు చూపించడానికి నన్ను కూడా వెంట తీసుకెళ్ళారు. నేను ఆ కట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మేడమ్ అక్క కాగితాలు చూసి, మేస్త్రి సిఫారసు ఉండవలసిన చోట ఖాళీ చూసి, ఆయనవైపు తిరిగింది.

"ఇది ఆన్‌లైన్ డిగ్రీ. నాకు వీటిమీద పెద్దగా నమ్మకం లేదు. మీరు కాలేజీలో చదువుకున్నవారు, ఈమె పని చూసినవారు. మీరు చెప్పండి, దీన్ని డిగ్రీ అనుకోవచ్చా?"

అనుకోవచ్చు అని ఒక్క మాట అంటే చాలు. అక్కకి కుర్చీ వస్తుంది, ఆయన గుట్టు ఇంకొన్నాళ్ళు దాగుతుంది. నేను ఆ మాట కోసమే చూస్తున్నాను. మేస్త్రి జేబులోంచి పెన్ను తీశాడు, ప్లాస్టిక్ విప్పలేదు.

"ఇందులో మోసాలు చాలా ఉన్నాయమ్మా," అన్నాడు.

అక్క కళ్ళు మూసుకుంది. నా చేతిలో దుప్పట్ల కట్ట బరువెక్కింది.

"బొమ్మ పెట్టేసి నిద్రపోవచ్చు. నేను చాలాసార్లు నిద్రపోయాను. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు. తెలిసుంటే నేను చేరేవాణ్ణే కాదు, ఈ పిల్ల పక్కన బల్ల మీద కూర్చోవడానికి సిగ్గుతో చచ్చేవాణ్ణి. అలా దాక్కుని చదివినా నాకు చట్టం వచ్చింది, అకౌంట్స్ సగం వచ్చింది. సగమైనా ఈమె చెప్పబట్టే వచ్చింది. ఈమె ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. ఈమెది డిగ్రీయే."

మేడమ్ కుర్చీలో ముందుకి వంగింది. "మీరు దీంట్లో చదివారా? మరి మీ డిగ్రీ?"

"నాకు లేదమ్మా. ఎప్పుడూ లేదు. ఇంకో పేపరు పాసవ్వాలి."

గోడ అవతల ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్ళారు, ఆ చక్రాల చప్పుడు మొత్తం వినపడింది. ఆయన పెన్ను ప్లాస్టిక్ విప్పి, అక్క కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని మేడమ్ ముందుకి జరిపాడు. అబద్ధపు మేస్త్రి సంతకం చెల్లుతుందా అని మేడమ్ అడిగితే, ఇన్నేళ్ళూ పని చూసింది నా కళ్ళే కదమ్మా, వాటికి డిగ్రీ అక్కర్లేదు అన్నాడు.

మేడమ్ అప్పటికప్పుడు ఏమీ తేల్చలేదు. వారం తర్వాత తేలింది. రెండో షిఫ్టు ఇన్‌ఛార్జిగా అక్కని వేశారు. మేస్త్రి సంగతి పైవాళ్ళకి రాశారు, వాళ్ళు చెప్పేదాకా ఇన్‌ఛార్జి పని చెయ్యకూడదన్నారు. మొదటి షిఫ్టుకి ఇంకో విభాగం నుంచి ఎవరినో తెచ్చారు. మేస్త్రిని రెండో షిఫ్టుకి మార్చి, దుప్పట్లు అందించే పనిలో పెట్టారు. అంటే అక్క వదిలిన చోటే. అక్క కింద.

నేలమాళిగలో ఆ వార్త పడిన రోజు జనం సైగలు కూడా మర్చిపోయారు. ఇన్నేళ్ళు మమ్మల్ని వెర్రివాళ్ళని చేశాడని కొందరు తిట్టారు. ఆయన చెప్పాడని కొడుకుని కాలేజీలో చేర్చిన ఆరబెట్టే డ్రమ్ముల ఆవిడ ఒక మూల కూర్చుని, మరి నా కొడుకు చదువు మంచిదేనా కాదా అని అందర్నీ అడిగింది. కుర్చీ దొరికినందుకు అక్క సంతోషపడుతుందనుకున్నాను. నేనూ అక్కతోపాటు రెండో షిఫ్టుకి మారాను. మొదటిరోజు ఆమె నడవలో నిలబడి రోలరువైపు చూస్తుంటే, ఆయన వంగి దుప్పటి అంచు లాగుతున్నాడు. ఆ వయసులో ఆ వేడి ముందు. అక్క ముఖంలో సంతోషం ఆవగింజంత కూడా లేదు.

కోపం మాత్రం ఇంకా ఉంది. కొన్ని రోజులు ఆమె ఆయనతో పనిమాటలే మాట్లాడింది. ఒక టీ వేళ యంత్రాలు ఆగినప్పుడు ఆయన గ్లాసు పట్టుకుని దూరంగా కూర్చున్నాడు, ఇప్పుడు ఆయన దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. అక్క లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"రెండో పేపరు పరీక్ష ఎప్పుడు?"

వచ్చే నెలలో అని ఆయన నేలవైపు చూస్తూ చెప్పాడు. పాసవుతాననే నమ్మకం లేదని, ఫోనులో అడుగుదామనుకుని ముఖం చెల్లక ఊరుకున్నానని అన్నాడు.

"ఫోనులో చెప్పను. రేపటినుంచి పుస్తకం ఇక్కడికి తెండి. టీ వేళ చెబుతాను."

"అందరూ చూస్తారు అమ్మాయ్."

"చూడనివ్వండి."

మర్నాడు ఆయన వచ్చినప్పుడు చేతిలో ఒక దిండు గలీబు ఉంది. ఉతకడానికి తెచ్చాడేమో అనుకుని నేను అందుకోబోయాను. ఇవ్వలేదు. టీ వేళ అయింది, యంత్రాలు ఆగాయి, అందరూ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. ఆయన కాసేపు తటపటాయించి, నేను మడతలు పెట్టే బల్ల దగ్గరికి వచ్చి, గలీబులోంచి అకౌంట్స్ పుస్తకం బయటికి తీశాడు. నేను మడతలు ఒక పక్కకి జరిపి చోటిచ్చాను. అక్క ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఎక్కడ ఆగిపోయారో చూపించమంది.